రాగి తీగ మీద ఆకుపచ్చ మంట

ఆ గదిలో ఇనుమంతా ఒక్క పూటలో తుప్పు పట్టింది.

మమతారాణి లోపలికి రాగానే గమనించింది అదే. గోడకు తగిలించిన పానాలు, స్క్రూడ్రైవర్లు, బల్ల మీది కత్తెర, చివరికి తలుపు గొళ్ళెం కూడా ఎర్రబారి ఉన్నాయి. వేలితో రాస్తే పొడి రాలింది. మధ్య తలుపు అవతల సామాను గదిలో మాత్రం అలాంటి పానాలే నూనె పూసినట్టు మెరుస్తున్నాయి.

ఈ తుప్పు ఎప్పటిదని ఆమె అడిగింది. సోమవారం పొద్దున తన తండ్రి పనిముట్లన్నీ తుడిచి తగిలించాడని, అప్పుడు వాటి మీద మచ్చ కూడా లేదని షారోన్ చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తీసుకుని వచ్చేసరికి తండ్రి బెంజమిన్, రికార్డులు అచ్చు వేసే ప్రెస్సు పక్కన బోర్లా పడి ఉన్నాడు. గది నిండా ముక్కు మండే పొగ. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆయనను బయటికి ఈడ్చుకొచ్చింది.

బెంజమిన్ కరీంనగర్‌లో పాలిటెక్నిక్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. మెథడిస్టు చర్చిలో పాటల బృందాన్ని ఆయనే నడిపేవాడు. ఊరి చివర పారిశ్రామికవాడలో ఈ రేకుల షెడ్డు తీసుకుని కొన్నేళ్ళుగా ఒకటే పని మీద ఉన్నాడు. పాటల రికార్డులను పీవీసీ లేకుండా తయారు చేయాలి. గ్రామఫోన్ రికార్డులకు మళ్ళీ గిరాకీ వచ్చింది కానీ, వాటిని నీళ్ళ పైపులు చేసే ఆ పీవీసీ జాతి ప్లాస్టిక్‌తోనే పోస్తారు. పారేస్తే మట్టిలో కలవదు, కాలిస్తే విషం. బెంజమిన్ మొక్కజొన్న పిండి నుంచి తీసిన పదార్థంలో ఆదిలాబాద్ అడవుల్లో మోదుగు చెట్లకు పట్టే లక్కను కలిపి, ఆ ముద్దతో రికార్డు అచ్చు వేశాడు. హైదరాబాద్‌లోని ఒక రికార్డుల కంపెనీ ఆయనతో ఒప్పందానికి ముందుకొచ్చింది. ఈ వారంలోనే వాళ్ళు నమూనా రికార్డు వినాలి. ఆ నమూనా అచ్చు వేస్తూనే ఆయన పడిపోయాడు.

ఇప్పుడు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆమ్లపు ఆవిరి గొంతునూ ఊపిరితిత్తులనూ కాల్చిందన్నారు డాక్టర్లు. ఈ పొద్దునే తెలివి వచ్చింది గానీ మాట పెగలడం లేదు. షారోన్ తమ్ముడు డేవిడ్ ఆయన దగ్గర కూర్చున్నాడు.

"ఎంతసేపు చూసినా తుప్పు తుప్పే, మమతా" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ సాయిచంద్.

అతను ఆ హైదరాబాద్ కంపెనీ పంపిన పరిశోధకుడు. ఒకప్పుడు ఇద్దరూ పోలీసుల ఫోరెన్సిక్ ల్యాబులో పక్కపక్క బల్లల మీద పనిచేశారు. తర్వాత మమతారాణి ఉద్యోగం వదిలి కరీంనగర్‌లో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. సాయిచంద్ కంపెనీల పనులు పట్టుకున్నాడు. అతని దృష్టిలో ఈ కేసు నిన్ననే ముగిసింది. ప్రెస్సులో సగం అచ్చయి ఇరుక్కున్న రికార్డు ముక్కను పరీక్ష చేయించాడు. అది శుద్ధ పీవీసీ అని తేలింది. సాయంత్రానికి రిపోర్టు పంపేస్తాడు. దానితో ఒప్పందం రద్దు, బెంజమిన్ మీద మోసం కేసు.

"మక్కలతోని చేసిన అని చెప్పి ప్లాస్టిక్ పోసిండు. అది కాగి ఆవిరి లేచింది. ఆయన చేసిన మోసం ఆయన గొంతుల్నే పడ్డది. గింతే కథ."

మమతారాణి సంచిలోంచి ఒక స్పిరిటు దీపం, రాగి తీగ ముక్క తీసి బల్ల మీద పెట్టింది. తీగ కొసను దీపం మీద ఎర్రగా కాల్చి, ఆ సగం రికార్డుకు ఆనించి, అంటుకున్న నల్లటి చుక్కను మళ్ళీ మంటలో పెట్టింది. మంట ఒక్కసారిగా ఆకుపచ్చగా మారింది. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ అయితేనే అలా మారుతుంది.

"నా కాగితం చెప్పిందే నీ మంట కూడ చెప్పింది" అన్నాడు సాయిచంద్.

ఆమె అరలో ఉన్న పాత రికార్డులు తీయించింది. కొన్ని నిరుడు పోసినవి, కొన్ని మొన్న ఎండాకాలంవి. ఒక్కోదాని అంచు గీకి, తీగకు అంటించి కాల్చింది. ప్రతిసారీ మామూలు పసుప్పచ్చ మంటే వచ్చింది. కాలిన మొక్కజొన్న పొత్తు లాంటి వాసన గదిలో కమ్ముకుంది. తర్వాత ప్రెస్సు పైనున్న గరాటులో మిగిలిన నల్ల గుళికలు నాలుగు తీసుకుంది. వాటితో మంట మళ్ళీ ఆకుపచ్చ.

అంటే ఇన్నాళ్ళూ బెంజమిన్ చేసిన రికార్డులన్నీ నిజమైనవే. ఈ ఒక్క విడతలోనే పీవీసీ వచ్చింది.

సాయిచంద్ తొణకలేదు. కంపెనీ వినబోయే నమూనాకే పీవీసీ పోశాడంటే అది ఇంకా పెద్ద మోసమని అన్నాడు. ఆ మాటలో పస ఉందని మమతారాణికీ తెలుసు. ఆమె ప్రెస్సు పక్కకు వెళ్ళి వంగి, వేడిని చూపే గుండ్రటి గడియారం లాంటి దాని ముందు ఆగింది. వేడి ఎంత ఉండాలో నిర్ణయించే ముల్లు నూట ఎనభై డిగ్రీల మీద ఉంది. పడిపోయిన తర్వాత దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగింది. ఎవరూ ముట్టుకోలేదని, తాను మెయిన్ మాత్రమే ఆపానని షారోన్ చెప్పింది. మొక్కజొన్న ముద్దకు తండ్రి ఎప్పుడూ పెట్టే వేడి అదేనంది.

"సాయిచంద్, పీవీసీ రికార్డుకు ఎంత వేడి పెడ్తరు?"

అతను కొంచెం ఆగి, "నూట యాభై లోపల" అన్నాడు.

"నూట ఎనభై మీద గంటసేపు ఉంచితే?"

సాయిచంద్ వంగి ఆ ముల్లును తానే చూశాడు.

"ఆమ్లం ఆవిరి లేస్తది. ఈ ఇనుమంత దాంతోనే తుప్పు పట్టింది. ముప్పై ఏండ్లు కెమిస్ట్రీ చెప్పిన మనిషికి అది తెల్వదా? పీవీసీ అని తెల్సినోడు ఆ ముల్లును అక్కడ పెట్టడు. తలుపులు మూసుకొని, ముక్కుకు గుడ్డ లేకుంట దాని ముంగట నిలవడడు. అది తన మక్క ముద్దే అనుకున్నడు. అందుకే పడ్డడు."

"ముసలాయన. మర్చిపోయిండేమో."

"అన్ని పానాలు తుడిచి వరుసగ తగిలించినోడు ఆ ఒక్కటి మర్చిపోయిండా?"

సాయిచంద్ నవ్వాడు గానీ, కళ్ళు ఆ ముల్లు మీదనే నిలిచిపోయాయి. కోర్టులో ముల్లు నోరు తెరిచి సాక్ష్యం చెప్పదని అన్నాడు. గుళికలు ఆదిలాబాద్ వైపు ఇచ్చోడ నుంచి కుట్టిన బస్తాల్లో వస్తాయి కాబట్టి, కల్తీ జరిగితే అక్కడే జరిగి ఉండాలని, ఎలాగూ రిపోర్టులో అక్కడివాళ్ళ మాట కూడా రాయాలి కనుక తాను ఇవాళ అక్కడికి పోతున్నానని చెప్పాడు. తానూ వస్తానంది మమతారాణి. షారోన్ కూడా వస్తానంది.

బయలుదేరే ముందు మమతారాణి ఖాళీ బస్తాను తిరగేసి చూసింది. మూతి దగ్గర సూది పొడిచిన రంధ్రాలు రెండు వరుసలుగా ఉన్నాయి. ఒక వరుస రంధ్రాలు పెద్దవి, వాటిలో జనపనార పీచు ఇరుక్కుని ఉంది. రెండో వరుస చిన్నవి. వాటిలో నల్ల దారపు పోగులు, రెండు పేటలు కలిపినవి, బట్టలు కుట్టే దారం. ఒకసారి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టారు. మమతారాణిది మరమగ్గాల మీద బతికిన ఇల్లు. దారం చూస్తే అది ఏ పనికి వాడేదో ఆమె చేతికే తెలుస్తుంది. ఆ పోగును కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. సాయిచంద్‌కు చెప్పలేదు.

*

గోడ అవతల పైపుల కార్ఖానా లక్ష్మీరాజంది. బెంజమిన్‌కు ఊళ్ళో శత్రువు ఎవరైనా ఉంటే అతనేనని షారోన్ నిన్ననే చెప్పింది. ఒక సభలో బెంజమిన్ పీవీసీ వల్ల నేలకు జరిగే చెరుపు గురించి మాట్లాడాడు. మరునాడు లక్ష్మీరాజం షెడ్డు ముందుకొచ్చి, తన అన్నంలో మన్ను పోస్తున్నావని అరిచిపోయాడు.

బయలుదేరేలోపు మమతారాణి ఒక్కతే అక్కడికి వెళ్ళింది. ఆమె అడక్కముందే అతను డ్రమ్ము మూతలు తీసి చూపించాడు. లోపల సున్నంలా తెల్లటి పొడి. నల్ల గుళికలు తన దగ్గర ఎన్నడూ లేవని, పైపులకు వాడే సరుకుతో రికార్డు పోస్తే సూది కింద పెంకులా పగులుతుందని చెప్పాడు. కోపం ఉన్నమాట నిజమే. అయితే ఆయన పడిపోయిన రోజు ఆటో పిలిచి, షారోన్‌తో పాటు ఆస్పత్రిదాకా పోయింది కూడా తనేనన్నాడు.

ఆమె లేచి రాబోతుంటే ఆపాడు.

"ఒక మాట, మేడమ్. చెప్పాల్నా వద్దా అని పరేషాన్ల ఉన్న. ఆదివారం నాడు మిషన్ రిపేరుకు ఒక్కన్నే వచ్చిన. వాళ్ళంత చర్చిల ఉండే యాళ్ళ. ఆటోల ఒక బస్త వచ్చింది. షెడ్డు తలుపు తీసింది ఆయన బిడ్డ. పోయేటప్పుడు అదే ఆటోల ఇంకో బస్త ఏసుకొని పోయింది. నాకు ఆ పిల్ల మీద కోపం లేదు. చూసింది చెప్పిన."

ఆదివారం పొద్దంతా చర్చిలోనే ఉన్నానని షారోన్ నిన్న మమతారాణితో చెప్పింది.

తిరిగి షెడ్డులోకి వచ్చి మమతారాణి ఆ సంగతి ఎత్తలేదు. ఎవరు అన్నది తెలిసింది, ఎందుకు అన్నది తెలియదు. తండ్రిని ఈడ్చుకుంటూ బయటికి తెచ్చిన పిల్ల, తండ్రి పేరు కాపాడమని డిటెక్టివ్ దగ్గరికి వచ్చిన పిల్ల, ఆ బస్తా ఎందుకు మార్చింది? మమతారాణి పాత రికార్డు ఒకటి వినాలని ఉందంది. సూది అరిగిందని షారోన్ తప్పించబోయింది. సాయిచంద్ కూడా పెట్టమన్నాడు.

చర్చి ఆడవాళ్ళ పాట. గొంతులు నిండుగా ఉన్నాయి. కానీ వాటి కింద, కాగుతున్న నూనెలో నీటి చుక్కలు పడ్డట్టు ఒక సన్నని చిటపట. పాట తగ్గిన చోటల్లా అది పైకి లేస్తోంది. షారోన్ పాట అయిపోకముందే సూది ఎత్తేసింది.

ఈ చప్పుడు గురించి తండ్రి ఏమంటాడని మమతారాణి అడిగింది. చప్పుడు ఏమీ లేదంటాడని, చాలా బాగుందంటాడని చెప్పి, షారోన్ రికార్డును కవరులో పెట్టింది.

*

ఇచ్చోడ చేరేసరికి పొద్దు వాలుతోంది. దారిలో నిర్మల్ దాటాక సాయిచంద్ ఒక్కసారి మాత్రం ఆ ముల్లు సంగతి మళ్ళీ ఎత్తాడు. మర్చిపోయాడనుకోవడం తనకూ అంత సులువుగా లేదని ఒప్పుకున్నాడు.

గుళికలు చేసి పంపే సక్కుబాయి ఇల్లు రోడ్డు మీదనే. వెనుక పెద్ద కొట్టం. అడవి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు మోదుగు కొమ్మల నుంచి లక్క గీకి తెస్తే, ఆమె బృందం దాన్ని కడిగి, కరిగించి, వడగడుతుంది. బెంజమిన్ పంపిన మొక్కజొన్న పదార్థంతో కలిపి గుళికలు చేసే చిన్న మిషను కూడా అక్కడే ఉంది. యాభై దాటిన మనిషి, మాట నిదానం. సాయిచంద్ ఆమెను గట్టిగానే ప్రశ్నించాడు. బస్తాలు ఎవరు కుడతారు, ఎవరు లారీ ఎక్కిస్తారు, బయటివాళ్ళు ఎవరైనా వచ్చారా అని. అన్నీ తన చేతి మీదనే జరుగుతాయని ఆమె చెప్పింది. మూల నిలబెట్టి ఉన్న బస్తా ఒకటి చూపించింది. కరీంనగర్‌కు పోయిన దానితో పాటు అదే రోజు నింపింది. మూతి జనపనార పురితో కుట్టి ఉంది.

మమతారాణి దాన్ని విప్పించి, గుళిక ఒకటి తీసి, అక్కడే దీపం వెలిగించింది. మంట పసుప్పచ్చగా వచ్చింది. సాయిచంద్ తనకు తానుగా ఇంకో గుళిక తీసుకుని మళ్ళీ కాల్చి చూశాడు. రంగు మారలేదు.

"ఇక్కడి నుంచి సక్కగనే పోయింది" అన్నాడు మెల్లగా.

"సక్కగ కాదు, మస్తు సక్కగ పోయింది" అంది సక్కుబాయి. "గీసారి ఖేప్‌ల పంపిన మాల్ వేరే, తాయీ. మాస్టరు చెప్పలేదా?"

షారోన్ తలెత్తింది.

సక్కుబాయి చెప్పింది ఇదీ. రెండు నెలల కింద బెంజమిన్ ఒక రికార్డు ప్లేయరు పట్టుకుని వచ్చాడు. పాత రికార్డు పెట్టి, నీకు ఏమేమి వినబడుతుందో దాచకుండా చెప్పమన్నాడు. పాట వినబడుతోంది, కింద చిటపట కూడా వినబడుతోంది అని ఆమె చెప్పింది. ఆయన సూది ఎత్తి, అప్పుడు అసలు సంగతి చెప్పాడు. చెవుల డాక్టరుకు చూపించుకున్నాడట. వయసుతో సన్నని శబ్దాలు ఆయన చెవికి అందడం మానేశాయని చెప్పారట. తన రికార్డు బాగుందని ఇన్నాళ్ళూ అనుకున్నది తన చెవి చేసిన మోసమని ఆయనకు అప్పుడు తెలిసింది.

"బిడ్డ మొఖం చూసి అనుమానపడ్డడట" అంది సక్కుబాయి. "పాట పెట్టినప్పుడల్లా పిల్ల మొఖం చిన్నగ అయితుంది, ఏమీ అనది, నన్ను నొప్పించొద్దని ఊకుంటుంది అన్నడు. నీకు చెప్పొద్దన్నడు, బేటీ. కంపెనోళ్ళ ముంగట పెట్టి, నీ మొఖమే చూస్త అన్నడు."

చిటపట ఎక్కడి నుంచి వస్తుందో బెంజమిన్ ఆలోచించాడు. లక్కలో మిగిలిన మైనం, కంటికి కనబడని పుల్లల నలుసులు గాడిలో చేరి సూదికి తగులుతున్నాయి. మైనం తీసేసి, లక్కను రెండోసారి సన్నటి బట్టలో వడగట్టించాడు. ఆ కొత్త ముద్దతో మొదటి రికార్డు పోసి, తెచ్చి సక్కుబాయికే ఇచ్చాడు. ఆమె లోపలికి పోయి దాన్ని తెచ్చింది. మధ్యాహ్నం కరీంనగర్‌లో విన్న పాటే, అదే అచ్చు. సూది పెట్టింది.

గొంతులు లేచాయి. పాట తగ్గిన చోట అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. కింద ఏమీ లేదు. రోడ్డు మీద లారీ పోయిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

షారోన్ గోడకు ఆనుకుని కూలబడింది. ఏడవలేదు. పాట అయిపోయేదాకా ఆ తిరిగే నల్లటి పళ్ళెం వైపే చూస్తూ ఉండిపోయింది.

మమతారాణి ఆమె పక్కన కూర్చుంది. ఆదివారం లక్ష్మీరాజం చూసింది, బస్తా మూతికి ఉన్న నల్లదారం, రెండూ మెల్లగా చెప్పింది. ఆ దారం మీ ఇంట్లోదేనా అని అడిగింది.

"మా కుట్టు మిషన్‌దే" అంది షారోన్. "బస్త నేనే మార్చిన."

సాయిచంద్ గబుక్కున ముందుకు రాబోతే మమతారాణి చేయి అడ్డం పెట్టింది.

షారోన్ దాచకుండా చెప్పింది. ఆ చిటపట మొదటిరోజు నుంచీ ఆమెకు వినబడేది. తండ్రికి వినబడదని తెలిశాక చెప్పడానికి నోరు రాలేదు. అన్నేళ్ళ కష్టం, చెప్తే మనిషి కూలిపోతాడనుకుంది. రికార్డుల అభిమానులు మాట్లాడుకునే ఒక ఆన్‌లైన్ గుంపులో, పేరు చెప్పకుండా, ఫోన్ నంబరు మాత్రం ఇచ్చి, మొక్కజొన్న రికార్డులో చిటపట పోవడానికి ఏం చేయాలని అడిగింది. రెండు రోజులకు ఒకాయన ఫోన్ చేశాడు. సరుకు అమ్మే వ్యాపారినన్నాడు. కంపెనీ నమూనా విన్నప్పుడు చప్పుడు వస్తే ఒప్పందం పోతుందని, ఆ ఒక్క నమూనాకు మామూలు రికార్డు గుళికలు వాడమని, తర్వాత మీ నాన్న తీరిగ్గా సరిచేసుకుంటాడని నచ్చజెప్పాడు. బస్తా పార్సిల్‌లో పంపాడు. ఆమె దాన్ని ఇచ్చోడ బస్తాలోకి మార్చి, మూతి కుట్టింది. అసలు గుళికలు పారేయలేదు. ఇంట్లో మంచం కింద దాచింది.

"వేడి ఎంత పెట్టాలని అడిగిన, మేడమ్. మీ బాపు పెట్టే వేడే చాలు, ఏం ఫికర్ లేదు అన్నడు. నేను నమ్మిన."

సాయిచంద్ అప్పుడు అడిగిన ప్రశ్న మమతారాణి అడగబోయిందే. నమూనా ఎప్పుడు వింటారో, బెంజమిన్ ఎంత వేడి పెడతాడో బయటి వ్యాపారికి ఎలా తెలుసు? ఆ రెండూ ఇంట్లోవాళ్ళకూ కంపెనీకీ తప్ప ఎవరికీ తెలియవు.

"నంబర్ ఉందా?" అన్నాడు.

షారోన్ ఫోన్ తీసి చూపించింది. సాయిచంద్ ఆ అంకెలు ఒక్కొక్కటే తన ఫోన్‌లో నొక్కాడు. చివరి అంకె నొక్కేసరికి తెర మీద ఒక పేరు తేలింది. ఫోన్‌ను మమతారాణి వైపు తిప్పాడు.

దశరథం సార్, పాత నంబర్.

దశరథం ఆ రికార్డుల కంపెనీ యజమాని. సాయిచంద్‌ను ఈ విచారణకు పంపింది ఆయనే. ఈ నంబరు వాడటం మానేసి చాలా కాలమైందని, మొదట్లో పనికి కుదిరినప్పుడు తీసుకున్నదాన్ని తాను చెరపలేదని సాయిచంద్ అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు.

"పొద్దున బెంజమిన్‌కు తెలివొచ్చిందని నేనే ఆయనకు చెప్పిన. ఆస్పత్రికి బయలుదేరిండు. కాగితాలు తయారు చేసుకున్నడు. మీ మీద కేసు పెట్టం, బదులుగ మీ పద్ధతి మాకు రాసియ్యండి అని అడుగుతడు. కంపెనీ దయ చూపిస్తుందనుకున్న, మమతా. నా రిపోర్టు భయం పెట్టడానికే."

షారోన్ అప్పటికే స్పీకర్ పెట్టి తమ్ముడికి ఫోన్ చేసింది. డేవిడ్ గొంతు సంతోషంగా ఉంది. దశరథం సార్ వచ్చాడని, చాలా మంచివాడని, కేసు ఏమీ ఉండదని మాట ఇచ్చాడని చెప్పాడు. బాపు మాత్రం తానే ఏదో తప్పు సరుకు పోశాననుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడని, సంతకానికి పెన్ను చేతిలోకి తీసుకున్నాడని చెప్పాడు.

"డేవిడ్, స్పీకర్ ఆన్ చేసి ఫోన్ బాపు చెవి కాడ పెట్టు. ఇప్పుడే" అంది షారోన్.

ఆక్సిజన్ గొట్టంలో ఊపిరి బరబరమంటూ వినబడింది.

"బాపూ, నేను. ఇచ్చోడల ఉన్న. సక్కుబాయమ్మ కొత్త రికార్డు పెట్టింది. చప్పుడు లేదు బాపూ. నేను చెవి పెట్టి విన్న, చివరిదాక విన్న. ఏమీ లేదు. నీ మాల్ మంచిగుంది. ఆ బస్త మార్చింది నేను. నువ్వు ఏం తప్పు చెయ్యలే. పెన్ను కింద పెట్టు."

తర్వాత ఏదో నేల మీద పడి దొర్లిన చప్పుడు. బాపు పెన్ను పడేశాడని, కాగితాలు తోసేశాడని డేవిడ్ చెప్పాడు. అతని మాట ముగియకుండానే ఫోన్ చేతులు మారింది. ఇప్పుడు వచ్చిన గొంతు మెత్తగా, తీరిగ్గా ఉంది.

"నువ్వన్న మాట ఇక్కడ అందరూ విన్నారమ్మా. తండ్రి ప్రాణం మీదికి తెచ్చింది సొంత కూతురేనని పోలీసులకు నేను చెబితే ఎలా ఉంటుందో ఆలోచించుకో. నేను ఇక్కడి నుంచి నేరుగా అక్కడికే వెళ్తున్నాను."

సాయిచంద్ ఫోన్ అందుకున్నాడు. "సార్, సాయిచంద్‌ను. మీ పాత నంబర్ నా దగ్గర ఇంకా ఉంది" అన్నాడు.

ఫోన్ కట్టయింది.

మమతారాణి ఇప్పుడు ఏం జరగబోతుందో దాచకుండా చెప్పింది. షారోన్ చేసింది చిన్న పని కాదు, దానికి ఆమె జవాబు చెప్పుకోవాల్సిందే. దశరథం ముందుగా ఠాణాకు చేరి తనకు నచ్చినట్టు చెబితే, ఫోన్ చేసిన వ్యాపారి ఎవరో, వేడి గురించి ఎవరు అబద్ధం చెప్పారో అడిగేవాళ్ళుండరు. ఆ నంబరు సిమ్ కార్డు, పార్సిల్ పంపిన ఆనవాళ్ళు రేపటికి మాయమవుతాయి.

"నేనే పోత" అంది షారోన్ లేచి. "ఆయన కన్న ముందు పోవాలె. కానీ కరీంనగర్ చేరేసరికి నాలుగు గంటలు పడ్తది."

"కరీంనగర్ దాక ఎందుకు? ఫిర్యాదు ఏ ఠాణాల ఇచ్చినా ఫిర్యాదే. ఇచ్చోడ ఠాణా ఈ రోడ్డు మీదనే ఉంది" అంది మమతారాణి.

షారోన్ ముఖం కడుక్కుని ముందు నడిచింది. సక్కుబాయి కొట్టానికి తాళం వేసి, కొత్త రికార్డును చంకలో పెట్టుకుని వెంట వచ్చింది. సాయిచంద్ కారు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. సాయంత్రం పంపాల్సిన రిపోర్టు సీటు మీద ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, ఫోన్ జేబులో భద్రంగా పెట్టుకుని, ఆడవాళ్ళ వెనుక ఠాణా వైపు నడిచాడు. మొదటి సాక్షి అతనే.